పోటీ పార్కుకి ఐదు టికెట్లు

శనివారం పొద్దున ఆ ఇంట్లో అందరికంటే ముందు లేచేది కుట్టుమిషను. ఆవేళ దాని చప్పుడు లేదు. ఫిట్టరు పళ్ళు తోముకుని, తువ్వాలు భుజాన వేసుకుని వచ్చేసరికి భోజనాల బల్ల మీద ఐదు టికెట్లు పరిచి ఉన్నాయి. ఫ్యాను గాలికి ఎగిరిపోకుండా వాటిమీద కత్తెర పెట్టి ఉంది. అవి ఊరికి అవతలి కొసన కిందటేడు తెరిచిన కొత్త పార్కువి.

ఫిట్టరు పన్నెండేళ్ళుగా ఇవతలి కొసనున్న పాత పార్కులో పనిచేస్తున్నాడు. అక్కడి రోలర్ కోస్టర్ల బ్రేకులు, బోల్టులు, కూర్చున్నవాళ్ళ ఒడిలోకి దిగే కమ్మీలు అన్నీ అతని చేతి కిందే. ఇంటిల్లిపాదికీ ఏడాది పొడుగునా ఉచిత పాసులు. అలాంటివాడి బల్ల మీద ఆ టికెట్లు పెట్టడమంటే, వంటవాడి ఇంటికి పక్క హోటలు క్యారేజీ తెచ్చినట్టే.

"ఎవరివివి?"

"మనవే. వచ్చే ఆదివారానికి," అంది భార్య, ఎవరిదో చొక్కాకి కాజాలు కుడుతూ. తలెత్తలేదు.

"ఊరికే వచ్చేది వదిలేసి డబ్బు తగలేశావా? మతి ఉండే చేశావా?"

"నేను కుట్టిన డబ్బు. మతి ఉండే చేశాను."

"అక్కడేముందే? మా కోస్టరు ఎత్తులో సగం లేదు వాళ్ళది. మాకు ముప్ఫై రెండు రైడ్లు, వాళ్ళకి పద్దెనిమిది!"

"ఆ ముప్ఫై రెండులో మన చిన్నది ఎక్కగలిగేవి ఆరు. మిగతా వాటి దగ్గర కొలతబద్ద పక్కన నిలబెట్టి వెనక్కి పంపేస్తారు. అక్కడ పదకొండు ఎక్కొచ్చు. ఉచితం ఉచితం అంటారు గానీ, మీ పార్కులో మంచినీళ్ళకి కూడా ముక్కు పిండుతారు. అక్కడ మన నీళ్ళ డబ్బా మనం పట్టుకెళ్ళొచ్చు."

"కూర్చోడానికి నీడ కూడా ఉందటరా," అంది మూలనుంచి అతని తల్లి. "మీ పార్కులో నేను చూసిన వింత ఒక్కటే, వీళ్ళ చెప్పులు. నాలుగేళ్ళుగా వాటికి కాపలా కాస్తున్నాను."

"అమ్మా, నువ్వాగు!" ఫిట్టరు బల్ల మీద గుద్దాడు. కత్తెర ఎగిరి కింద పడింది. "ఫిట్టరు పెళ్ళాం పిల్లలే పోటీ పార్కుకి పోయారంటే జనం ఏమనుకుంటారు? తను బిగించిన బోల్టుల మీద వాడికే నమ్మకం లేదనరూ? మా సూపర్వైజరుకి మొహమెలా చూపించను?"

టికెట్లు గుప్పిట్లోకి తీసుకున్నాడు. అప్పుడు గానీ లెక్క తట్టలేదు. "వెళ్ళేది నలుగురేగా. ఐదెందుకు?"

"ఐదోది మీది."

"ఆదివారం నాకు డ్యూటీ అని తెలీదూ? నా సెలవు మంగళవారం!"

"మంగళవారం పిల్లలకి బడి. పన్నెండేళ్ళుగా తెలుసు నాకు."

"అయితే చింపేస్తా, పీడా పోతుంది."

"చింపెయ్ నాన్నా." పెద్దకూతురు గడపలో నిలబడి ఉంది. పద్నాలుగేళ్ళ పిల్ల, దవడ బిగిస్తే అచ్చం తండ్రే. "నీది చింపు చాలు. నువ్వు లేకుండా తిరగడం మాకలవాటే."

"లేకుండా ఏంటే? మీరొచ్చిన ప్రతిసారీ అక్కడే ఉంటాగా!"

"ఉంటావు. కింద. పైనుంచి చూస్తే పసుపు హెల్మెట్టు కనపడుతుంది. మేం చెయ్యూపితే నువ్వు చక్రాలు చూస్తుంటావు."

"డ్యూటీలో రైడెక్కితే ఉద్యోగం పీకేస్తారే!"

"పొద్దున గేటు తియ్యకముందు ఎక్కుతావుగా! సీట్లలో మనుషుల బరువుకి ఇసుక మూటలు కట్టి, వాటి పక్కన కూర్చుని రోజూ రెండు చుట్లు తిరుగుతావు. ఇసుక మూటలకున్న భాగ్యం మాకు లేదు. అమ్మ ఆ పార్కు ఎందుకు వెతికిందనుకున్నావు? ఎత్తుకా, నీడకా? అక్కడ నీ ఒంటిమీద యూనిఫారం ఉండదు. అందుకు!"

"నోర్ముయ్!"

ఆ అరుపుకి లోపలి గదిలోంచి ఎనిమిదేళ్ళ చిన్నది కళ్ళు నులుముకుంటూ వచ్చింది. అందరి మొహాలూ చూసి, విషయం టికెట్లేనని గ్రహించింది.

"నాన్నా, నువ్వు రావా? అక్కడ కూడా సీట్లు ఇద్దరిద్దరికేనట. అమ్మకి కళ్ళు తిరుగుతాయి, అక్క ఫ్రెండు కూడా అక్కడికొస్తుందట, అక్క దాంతోనే కూర్చుంటుంది. నా పక్కన మళ్ళీ తెలియనోళ్ళని కూర్చోబెడతారు."

"మళ్ళీనా?"

"పోయినసారి పిల్లల కోస్టర్లో ఒకాయన్ని కూర్చోబెట్టారు. వంపు దగ్గర భయమేసి ఆయన చొక్కా పట్టుకున్నాను. మంచాయనే, ఏమీ అనలేదు."

ఫిట్టరుకి ఆ రోజు గుర్తుంది. ఆ వంపు పక్కనే నిలబడి, చక్రాల చప్పుడుకి చెవి ఒగ్గాడు. చప్పుడు సరిగ్గానే ఉందనుకుని తనిఖీ పుస్తకంలో సంతకం కూడా పెట్టాడు.

గుప్పిట సడలింది. టికెట్లు మళ్ళీ బల్ల మీద పరిచి, కింద పడ్డ కత్తెర తీసి వాటిమీద పెట్టాడు. సూపర్వైజరుకి ఫోను చేశాడు.

"సార్, వచ్చే ఆదివారం సెలవు కావాలి."

"ఆదివారమా? జనం తోసుకొచ్చే రోజయ్యా! ఇంట్లో ఎవరికైనా బాగాలేదా?"

అవునంటే తీరిపోయేది. నాలుక చివరిదాకా వచ్చింది కూడా.

"అందరూ బాగున్నారు సార్. కొత్త పార్కుకి వెళ్తున్నాం."

ఫోను బల్ల మీద పెట్టినా తిట్లు ఇల్లంతా వినపడ్డాయి. విశ్వాసం నుంచి మొదలై జీతం కోత దాకా వచ్చాయి. "డ్యూటీకి వచ్చి మిగతావి వింటాను సార్," అని పెట్టేశాడు.

భార్య కాజా కుట్టడం ఆపి అతని మొహంలోకి చూసింది. "నిజంగా కోస్తే?"

"కొయ్యనీ."

పెద్దదాని దవడ ఇంకా బిగించే ఉంది. స్నానానికి వెళ్తూ వెళ్తూ మాత్రం, చిన్నప్పుడెప్పుడో చేసినట్టు, తండ్రి భుజం మీది తువ్వాలు విసురుగా లాక్కుని పోయింది.

తుడుచుకోడానికి ఇంకేమీ లేక ఫిట్టరు ముంజేతితోనే కళ్ళు తుడుచుకున్నాడు.