మల్లయ్య బతికే ఉన్నాడు

వైశాలి వింటుండగా అఖిలేష్ మొదటిసారి చదివిన కథలో ఒక మనిషి చనిపోయాడు. ఆ మనిషి అప్పుడు పక్కనే కూర్చుని చాయ్ తాగుతున్నాడు.

ఆబిడ్స్‌లో గడియారాలు బాగుచేసే దుకాణం పైన రెండు గదుల్లో ‘దారం’ అనే సేవాసంస్థ నడుస్తోంది. ఆడవాళ్లకు కుట్టుపని నేర్పి, మిషను ఇప్పించి, గిరాకీ కుదిరేదాకా తోడుంటుంది. నెలకొకరి కథ దాతలకు పంపుతుంది. ఆ కథలు రాయడానికే అఖిలేష్ కొత్తగా చేరాడు. చేరిన వారంలోనే, బల్ల మీద చాయ్ చల్లారేలోపు, నాంపల్లి స్వర్ణ కథ తయారుచేశాడు.

సంస్థ పెద్ద సదాశివగారు చదివి కళ్లద్దాలు తీసి కళ్లు తుడుచుకున్నారు. ఫీల్డు పని చూసే వైశాలి మాత్రం తుడుచుకోలేదు.

“స్వర్ణక్కను కలిసిన్రా?” అని అడిగింది.

కలవలేదని, ఫైల్లో వివరాలన్నీ ఏఐకి ఇచ్చానని చెప్పాడు. పేరుతో సహా ఇచ్చారా అని ఆమె అడిగితే, ఇంటి నంబరు మాత్రం ఇవ్వలేదని కాస్త గర్వంగానే అన్నాడు. వైశాలి చూసిన చూపు మిషను సూదిలా నేరుగా దిగింది.

‘దారం’లో ఒక పద్ధతి ఉంది. ఎవరి కథ అయినా బయటికి పోయేముందు వాళ్లకే చదివి వినిపించాలి. వాళ్లు ఔనంటేనే పంపాలి. అఖిలేష్‌కు అదంతా చాదస్తంలా తోచింది. అయితే నాంపల్లి దాకా వైశాలి కూడా వస్తుందనేసరికి పద్ధతి మంచిదే అనిపించింది.

దారిలో వాన పట్టుకుంది. ఉన్నది ఒక్క గొడుగు, అదీ వైశాలిది. అఖిలేష్ దాన్ని తన తల మీదికి కాకుండా చేతిలోని కాగితాల మీదికి వంచాడు.

“కాగితం తడిస్తే ఇంకోటి తీయొచ్చు. మీరు తడిస్తే సెలవు పెడతరు,” అంది వైశాలి ముందుకు చూస్తూనే.

స్టేషన్ దగ్గర నీలం పట్టా కింద స్వర్ణ మిషను తొక్కుతోంది. పక్కన స్టూలు మీద ఒకాయన చాయ్ గ్లాసు పెట్టుకుని జాకెట్లకు హుక్కులు కుడుతున్నాడు. ఎవరో పనివాడు అనుకుని, అఖిలేష్ గొంతు సవరించుకుని చదివాడు.

“భర్తను పోగొట్టుకున్న స్వర్ణ, చీకటి గదిలో కన్నీళ్లే తోడుగా...”

మిషను ఆగింది. స్టూలు మీదాయన గ్లాసు కింద పెట్టాడు.

“నేనెప్పుడు సచ్చిన సార్?”

స్వర్ణ ముందు పగలబడి నవ్వింది. మల్లయ్యను సంపుతివి సరే, ఇంట్ల కరెంటు గూడ తీసేస్తివి గదా అంది. కాగితం మీది బొమ్మ చూడగానే ఆ నవ్వు పోయింది. ఏఐ గీసిన ఆ స్వర్ణ చినిగిన బట్టల్లో ఏడుస్తోంది.

“గీ చినిగిన జాకెట్ ఎవలది? బట్టలు కుట్టేదానికి గిది తొడిగితే నా తాన కుట్టిచ్చుకునుడు ఎవలొస్తరు? నా పెనిమిటి ఉండంగనే నా బొట్టు తీస్తివి. రేపు మా బిడ్డ అత్తగారింట్ల గిది సూస్తే ఏమనుకుంటరు?”

వైశాలి అఖిలేష్ వైపు తిరిగింది. ఇప్పుడితను ఏమంటాడా అని చూస్తోంది. అఖిలేష్‌కు తను టైపు చేసిన మాట గుర్తొచ్చింది. ‘చదివితే ఏడుపు రావాలి.’ ఫైల్లో ఉన్నదల్లా ‘భర్త పనికి పోవడం లేదు’ అన్నది ఒక్కటే.

“తప్పు ఏఐది కాదక్కా, నాది. ఏడిపించమని నేనే అడిగిన,” అని కాగితాన్ని నాలుగు ముక్కలు చేశాడు. తర్వాత పట్టా అంచున ఉన్న బకెట్ బోర్లించి కూర్చుని, మీరే చెప్పండి, ఒప్పుకుంటే రికార్డు చేసుకుంటానన్నాడు.

వైశాలి గొడుగు అతని వైపు కాస్త జరిపింది.

ఉస్మాన్‌గంజ్‌లో బస్తాలు మోసి మోసి మల్లయ్య నడుము పోయింది. స్వర్ణ ‘దారం’లో చేరితే, ఆయన టిఫిన్ డబ్బా పట్టుకుని రోజూ వరండాలో కిటికీ పక్కన కూర్చునేవాడు. కూర్చుని కూర్చుని హుక్కులు, కాజాలు నేర్చేసుకున్నాడు.

“కాజాలు నాకన్న సాఫ్‌గ కుడతడు. గని గా ముచ్చట రాయకుండ్రి, నెత్తికెక్కుతది,” అంది స్వర్ణ. మల్లయ్య మాత్రం రాయమని సైగ చేశాడు.

ఈసారి ఏఐ పని రికార్డింగు విని మాటలు రాయడం, ఇంగ్లీషులోకి మార్చడం వరకే. పేర్లు దానికి ఇవ్వలేదు. అది రాసిందాన్ని వైశాలి వాక్యం వాక్యం సరిచూసింది. ఏఐ ఎంతవరకు పనికొచ్చిందో కింద స్పష్టంగా రాశారు. కొత్త జాకెట్ తొడుక్కుని స్వర్ణ, పక్కన మల్లయ్య, అసలు ఫొటో వేశారు. మళ్లీ చదివి వినిపిస్తే స్వర్ణ, “ఔ, గిది నేనే,” అంది. కాజాల ముచ్చట ఉండనిమ్మంది కూడా.

కన్నీళ్లు లేని కథ ఎవరు చదువుతారని సదాశివగారు దిగులుపడ్డారు. ఒక దాత ఫోన్ చేసి తన జాకెట్లు స్వర్ణ కుట్టి పెడుతుందా అని అడిగాక ఊరుకున్నారు.

ఆ తర్వాత ఎన్ని కథలు చదివి వినిపించారో, ఎన్ని వానలు కురిశాయో. గొడుగు ఒక్కటే. అఖిలేష్ ఇంకోటి కొనుక్కునే ఆలోచనే చేయలేదు.

వాన వెలిసిన ఒక సాయంత్రం నాంపల్లిలో ఇరానీ చాయ్ ముందు పెట్టుకుని ఫోన్ తీశాడు.

“మీకొకటి చదివి వినిపించాలె. మా అమ్మకు పంపేది.”

“ఎవరి కథ?”

“మీదే.”

వైశాలి చాయ్‌లో ముంచిన బిస్కెట్ అందులోనే మునిగిపోయింది.

“‘అమ్మా, మా ఆఫీసులో వైశాలి అని ఉంది. ఎప్పుడూ నా తప్పులే చూపిస్తది. కానీ తప్పు ఒప్పుకుంటే పక్కనే నిలబడతది. గొడుగు తనదే అయినా సగం నాకే ఇస్తది. ఎన్నేళ్లయినా ఆ సగంలనే నడవాలని ఉంది. తన మనసుల ఏముందో నాకు తెల్వదు.’”

“ఏఐ రాసిందా?”

“దాన్నడిగితే మిమ్మల్ని వెన్నెలతో పోల్చింది. తీసేసిన.”

“ఎందుకు? బాగానే ఉంది గదా.”

“వెన్నెల ఇన్ని తప్పులు పట్టదు.”

వైశాలి నవ్వు ఆపుకుని ఫోన్ లాక్కుంది. తలవంచి మొత్తం ఒకసారి చదివింది. చివరి వాక్యం దగ్గర వేలు ఆగింది. దాన్ని చెరిపేసింది.

“అది నిజం కాదు. బకెట్ మీద కూసున్న రోజే నీకు తెల్సుండాలె,” అంది. ‘మీరు’ ఎక్కడ జారిపోయిందో ఇద్దరూ గమనించనట్టే ఉన్నారు. “ఇగ పంపు.”

పంపాడు. వాళ్లమ్మ జవాబు వెంటనే వచ్చింది. ‘పిల్ల ఫొటో పెట్టు. కంప్యూటర్ల తయారుచేసింది కాదు, అసలుది.’

అఖిలేష్ ఫోన్ పైకెత్తాడు. మళ్లీ దించాడు.

“తియ్యొచ్చా?” అని అడిగాడు.

వైశాలి వానకు చెదిరిన జుట్టు సర్దుకోబోయి, ఎందుకో అలాగే వదిలేసింది.

“ఔ,” అంది.