పొన్నుకు వినబడని ఏడుపు

పీలమేడు నూలు మిల్లు వెనక రాతి బంగళా ఒకటి ఉండేది. పొద్దు గూకాక ఆ దారిన ఎద్దు కూడా అడుగెయ్యదనేవారు.

మిషన్లు బిగించడానికి వేల్స్ దేశం నుంచి వచ్చిన ఇంజనీరు దొర, తన ఊళ్లో తాతలనాటి రైతిల్లు ఎలా ఉంటుందో అచ్చం అలాగే కట్టించుకున్నాడట. రెండు మూరల మందాన రాతి గోడలు. తల వంచితే గానీ దూరలేని వాకిలి. నడుమ నడవ. దానికి ఈ పక్క మనుషులు, ఆ పక్క పశువులు, అందరికీ ఒకటే కప్పు. లోపలి గదిలో మనిషి నిలబడేంత పొయ్యి, దానిమీద నిట్టనిలువు పొగగొట్టం.

ఆ పొయ్యే కొంప ముంచింది.

"మన ఎండలకు ఇంటి నడుమ చలిమంట ఎవడేస్తాడు? పీనుగులు కాల్చేదానికే!" అని వీధి తేల్చేసింది. దొర పోయి పదేళ్లయినా ఆ పొగగొట్టంలోంచి రాత్రుళ్లు పసిబిడ్డ ఏడుపు వస్తుందనేవారు.

వీధిలో ఆ ఏడుపు విననిది పొన్ను ఒక్కతే. పన్నెండేళ్లు నూలు మిషన్ల హోరులో నిలబడి చెవులు పోగొట్టుకుంది. అక్కడ మాటంటే పెదవుల కదలికే. మిషన్‌లో లోపమెక్కడో అరచెయ్యి ఆనించి చెప్పేది.

ఆ రాత్రి షిఫ్టు దిగి వచ్చేసరికి ఆరేళ్ల కూతురు జోతిమణి ఇంట్లో లేదు.

బావులు చూసింది. పత్తి గోదాము సందులన్నీ చూసింది. చివరికి గోదాము కావలి ఆండియప్ప, పెదవులు కనబడేలా లాంతరు మొహం దగ్గరికెత్తాడు.

"మేకపిల్ల వెంట... మాపటేళ... బంగళాలోకి పోయింది అమ్మణీ."

"చూసి ఊరుకున్నావా మామా?"

పక్కింటి అంగమ్మాళ్ పొన్ను చెయ్యి పట్టి లాగింది.

"పోవద్దే! ఇప్పుడు కూడా ఏడుస్తా ఉండాది, వినబడలా? అయ్యో... నీకెట్ల వినబడుతుంది!"

పొన్ను చెయ్యి విదిలించుకుంది. లాంతరు లాక్కుని పరిగెత్తింది.

లోపల చీకటి... రాయి చల్లదనం... "జోతీ!" అని అరిచింది. తన గొంతే తనకు వినబడదు. బిడ్డ పలికినా తెలిసేదెలా?

పశువుల వైపు మేకపిల్ల ఒంటరిగా వణుకుతోంది. మెత్తని గడ్డి చెదిరి ఉంది, బిడ్డ లేదు. పొయ్యిలోకి తలపెట్టి పైకి చూసింది. గుప్పెడు చుక్కలు, అంతే.

వెతకడానికి ఇంకేమీ మిగల్లేదు. కూలబడబోతూ గోడకు చెయ్యి ఆనించింది.

గోడ... అదిరింది.

మళ్లీ... మళ్లీ.

మిషన్ దగ్గర చేసినట్టే అరచేతిని అంగుళం అంగుళం జరిపింది. పొయ్యి పక్కకు వచ్చేసరికి అదురు గట్టిపడింది. అక్కడ — మసి పట్టి గోడలో కలిసిపోయిన చిన్న తలుపు! భుజంతో గుద్దింది. మూడో దెబ్బకు తెరుచుకుంది.

గోడ మందంలోనే మెలికలు తిరిగి పైకి పోయే రాతిమెట్లు. కింది మెట్టు మీద జోతిమణి. గాలికి మూసుకుపోయిన ఆ తలుపును తన్నీ తన్నీ మడమలు రక్తం కారుతున్నాయి.

బిడ్డను భుజాన వేసుకుని బయటికొచ్చింది పొన్ను. బంగళా కంచె దగ్గర పోగైన వీధి జనాన్ని చూడగానే నిప్పయింది.

"మీరు విన్నది నా బిడ్డ ఏడుపురా! గోడలు మింగగా మిగిలింది పొగగొట్టంలోంచి మీ వరకూ వచ్చింది. మీకు చెవులుండి ఏం లాభం?"

జోతిమణి అప్పటికే సొమ్మసిల్లి నిద్రపోయింది. జనం చూపులు బిడ్డ మీద లేవు. పొన్ను తల మీదుగా... బంగళా కప్పు వైపు...

అంగమ్మాళ్ రెండు చెవులూ మూసుకుంది. ఆండియప్ప పెదవులు మాత్రం కదిలాయి.

"అమ్మణీ... ఏడుపు ఆగలేదు."

పొన్ను ఒక్క క్షణం ఆయన పెదవులకేసి చూసింది. బిడ్డను అంగమ్మాళ్ ఒళ్లో పెట్టింది.

ఆండియప్ప అడ్డొచ్చాడు. "వద్దు అమ్మణీ! నీ బిడ్డ దొరికింది గదా!"

"ఆ ఏడ్చేదీ ఎవరో కన్న బిడ్డే గదా మామా."

లాంతరెత్తి, తల వంచి, మళ్లీ ఆ వాకిట్లోకి దూరింది.