యాభై ఒకటో గంట

ఆరోన్‌కి కింగాతో పరిచయం తగాదాతోనే మొదలైంది.

"మూడు గంటలని రాశావేంటి? నువ్వొచ్చింది ఇరవై నిమిషాలు లేటు!" అంటూ ఆ అమ్మాయి రిజిస్టర్‌లో అతను వేసిన అంకెను నిర్మొహమాటంగా కొట్టేసింది.

"బస్సు లేటైతే నా తప్పా?"

"బస్సుకి పరీక్షల్లేవు బాబూ, నీకున్నాయి."

నిజమే మరి. యాభై గంటల సమాజసేవ చేయనిదే హంగరీలో ఎవరినీ హైస్కూలు చివరి పరీక్షలకు కూర్చోనివ్వరు. సెంతెష్ ఊరి చివర ఉన్న వృద్ధాశ్రమంలో సేవకొచ్చే పిల్లల హాజరు వేసే పని కింగాది. తనదీ ఆరోన్ స్కూలే, పక్క సెక్షను. తన యాభై ఎప్పుడో పూర్తయినా అక్కడే తిరుగుతూ ఉండేది.

ఆరోన్‌కి ఒళ్లు మండింది. అయినా మరుసటి గురువారం పది నిమిషాలు ముందే వచ్చాడు. ఆపై గురువారం అరగంట ముందు.

ఏప్రిల్‌లో ఆ యాభై కాస్తా అయిపోయాయి. మొదట్లో ఎప్పుడు అవుతాయా అని విసుక్కున్నవాడే, ఎందుకయ్యాయిరా దేవుడా అనుకున్నాడు. ఉండబట్టలేక గురువారం మళ్లీ వెళ్లాడు.

"నీవి అయిపోయాయిగా, ఎందుకొచ్చావ్?"

"ఊరికే... ఇలుష్ మామ్మతో పేకాట సగంలో ఆగిపోయింది."

"రిజిస్టర్‌లో యాభై గళ్లే ఉన్నాయి. యాభై ఒకటో గంటకి చోటు లేదు," అంది కింగా తలెత్తకుండా.

రావద్దనా? లేక... ఆ 'లేక' తర్వాత ఏముందో తేలక నాలుగు రోజులు అతనికి తిండి సహించలేదు. కూర్చుంటే లేవాలనిపించేది, లేస్తే ఎక్కడికెళ్లాలో తోచేది కాదు.

ఈస్టర్ సోమవారం వచ్చింది. మగపిల్లలు ఇంటింటికీ వెళ్లి, ఓ కవిత చెప్పి, ఆడపిల్లల తల మీద సెంటు చిలకరించి రంగు గుడ్డు అందుకునే రోజు. నాన్న సెంటు బుడ్డి జేబులో వేసుకుని ఆరోన్ కింగా ఇంటి ముందు సైకిల్ మీద మూడుసార్లు అటూ ఇటూ తిరిగాడు. నాలుగోసారి కింగా వాళ్లమ్మే గేటు తీసింది.

"దానికోసమేనా? పొద్దున్నే ఆశ్రమానికి పోయింది. నీ తిరుగుడు చూసి నాకే కళ్లు తిరుగుతున్నాయి, వెళ్లు!"

ఆశ్రమం హాల్లో పదకొండు మంది మామ్మలు వరసగా కూర్చున్నారు. పెదాలకు రంగేసుకుని, ఒళ్లో తలో గుడ్డు పెట్టుకుని గుమ్మం వైపే చూస్తున్నారు. కింగా మూలన ఫోన్ పట్టుకుని నిలబడింది. కళ్లు ఎర్రబడి ఉన్నాయి.

"మగపిల్లలొస్తారని వీళ్లకి మాటిచ్చాను. ఎనిమిది మందిని అడిగా. 'మా గంటలు అయిపోయాయిగా' అన్నారందరూ. తొమ్మిదింటి నుంచీ ఇలాగే కూర్చున్నారు ఆరోన్!"

"నన్నెందుకు అడగలేదు?"

"నువ్వూ అదే మాటంటే తట్టుకోలేననిపించింది."

ఆరోన్ బుడ్డి మూత తీసి ఇలుష్ మామ్మ ముందుకెళ్లాడు.

"మామ్మా, మీరు పువ్వులా వాడిపోతే మన ఊరికి వసంతం రాదట. తడపమంటారా?"

"తడుపు నాయనా, మొహమాటపడకు. నా నెత్తిన చుక్క పడి పదహారేళ్లయింది!"

ఒక్కొక్కరికీ ఒక్కో కవిత అక్కడికక్కడే అల్లాడు. అయిదోదానికి ప్రాస కుదరక నాలిక కరుచుకుంటే హాలంతా నవ్వింది. పదకొండు గుడ్లతో జేబులు ఉబ్బిపోయాయి.

చివరికి కింగా ఎదుట నిలబడ్డాడు. బుడ్డి వంచాడు, దులిపాడు. చుక్క రాలేదు. కవితా రాలేదు.

"అయిపోయింది," అన్నాడు ఏడుపు మొహంతో.

"మా కాలంలో ఈ బుడ్లెక్కడివి? బావి దగ్గరికి లాక్కెళ్లి బకెట్టెడు నీళ్లు గుమ్మరించేవాళ్లు!" అంటూ ఇలుష్ మామ్మ బల్ల మీది నీళ్ల జగ్గు అతని చేతికిచ్చింది.

"మామ్మా, వద్దని చెప్పండి! కొత్త చొక్కా ఇది!" అని అరిచింది కింగా. కానీ ఒక్క అడుగూ వెనక్కి వేయలేదు.

"తడపొచ్చా?" అడిగాడు ఆరోన్. "నువ్వంటే నాకిష్టం కింగా. ఆ మొదటి రోజు తప్ప, ఒక్కరోజు కూడా గంటల కోసం రాలేదు."

"ఇది చెప్పడానికీ లేటేనా?" అంటూ తల వంచింది కింగా.

జగ్గెడు నీళ్లూ పడ్డాయి. మామ్మలు చప్పట్లు కొట్టారు. కింగా చెంపలు తుడుచుకుంటూ సంచీలోంచి ఎర్రటి గుడ్డు తీసి అతని చేతిలో పెట్టింది. దాని మీద మైనంతో గీసిన తెల్లటి అంకె ఉంది: 51.

"ఎప్పుడు వేశావిది?"

"గురువారం, నువ్వు వెళ్లగానే. రిజిస్టర్‌లో చోటు లేదన్నానుగా!"