ఆవిరిగదిలో ఉండగా పడిన ఓటు

ఆదివారం ఉదయం. వోరు పట్టణ శివార్లలో పోలింగ్ కేంద్రం.

"మీరు నిన్నే ఆన్‌లైన్‌లో ఓటేశారమ్మా. సాయంత్రం 6.20కి," అన్నాడు పోలింగ్ అధికారి. "కాగితం మీద వేస్తే అది రద్దయిపోతుంది. ఇదిగో బ్యాలెట్."

ఎనభై నాలుగేళ్ళ వైకే దాన్ని ముట్టుకోలేదు.

"కంప్యూటర్ ఎలా తెరవాలో కూడా నాకు తెలీదు! ముందు నా ఓటు దొంగ ఎవరో తేల్చండి. పోలీసుల్ని పిలవండి!"

ఇన్‌స్పెక్టర్ తార్మో ఆమెతోపాటు ఆమె ఉండే వృద్ధాశ్రమానికి వెళ్ళాడు. హాల్లో మేనేజర్ మార్యు పోస్టర్ నవ్వుతోంది. ఆమె ఈ మున్సిపల్ ఎన్నికల్లో అభ్యర్థి.

"ఆన్‌లైన్‌లో ఓటెయ్యాలంటే ఐడీ కార్డు, పిన్ నంబరు ఉండాలి. వీళ్ళ కార్డులెక్కడ?" అన్నాడు తార్మో.

"నా డ్రాయర్లో," అంది ఎదురొచ్చిన మార్యు. "పిన్ నంబర్ల కవర్లతో సహా. వీళ్ళయితే పారేసుకుంటారు సార్."

తార్మోకి ఒళ్ళు మండింది.

"వైకే ఓటు ఎవరేశారు?"

"ఆవిడే! పక్కన కూర్చుని సాయం చేశానంతే. ఓటు సరిగ్గా చేరిందో లేదో ఫోన్‌తో సరిచూసుకుంది కూడా. మర్చిపోయింది, పాపం."

"నీ నోట పురుగులు పడ!" అంది వైకే.

మూల కూర్చున్న ముసలి ఎండెల్ పకపకా నవ్వాడు. "మతిమరుపా? నిన్న సాయంత్రం ఆరింటికి తొమ్మిదిమందిమీ ఆవిరిగదిలో దూరామా, కాలే రాళ్ళ మీద నీళ్ళు గుమ్మరించి ఉడకబెట్టేసింది మమ్మల్ని ఈ వైకే! ఏడింటికి గానీ బయటపడలేదు."

అందరూ నవ్వారు. మార్యు కూడా నవ్వింది.

తార్మో బయటికెళ్ళి ఎన్నికల ఆఫీసుకి ఫోన్ చేశాడు. వచ్చి అందరినీ కూర్చోబెట్టాడు.

"సిస్టమ్ తప్పు చెయ్యలేదు. నొక్కిన ఓటే చేరింది. నొక్కినవాళ్ళే సరిచూసుకున్నారు. కానీ ఆ వేలు ఎవరిదో దానికి తెలీదు. ఆరు ఇరవైకి వైకే ఒంటి మీద నూలుపోగు లేదు, చేతిలో ఫోనెక్కడిది? తొమ్మిదిమంది ఓట్లూ ఆ గంటలోనే పడ్డాయి మార్యు గారూ."

మార్యు మొహం పాలిపోయింది. మరుక్షణం గయ్యిమంది.

"అయితే ఏం? వీళ్ళలో సగంమందికి ఎన్నికలున్నాయనే తెలీదు! వీళ్ళ ముడ్లు కడిగేది నేను!"

ఆ మాట తొమ్మిదిమందీ విన్నారు. ఎవరూ తలెత్తలేదు.

"పోలింగ్ రాత్రి ఎనిమిదింటిదాకా ఉంది," అన్నాడు తార్మో. "పదండి, వ్యానెక్కండి."

వైకే మాత్రం డ్రాయర్ దగ్గరికెళ్ళి తన కార్డు తీసుకుంది.

"నీకే వేద్దామనుకున్నానే, మార్యూ. ఆవిరిగదికి కొత్త పొయ్యి పెట్టించావు కదాని."

కార్డుని పావడాకేసి రెండువైపులా తుడిచింది.