పైకప్పు తెరిచిన కారు

"డ్రైవర్ సాబ్, మా అమ్మీని ఉడకబెడుతున్నరా ఏంది?"

పరదా వెనకనుంచి ఆ గొంతు వినగానే నాకు ఒళ్ళు మండింది. అద్దాలన్నీ బిగించమన్నది వాళ్ళే!

పోలీసు చర్య జరిగి అప్పటికి మూడేళ్ళు. నా పేరు ఇమాం వలి. నేను డ్రైవరుగా పనిచేసిన దొర దేశం వదిలిపోతూ అమ్మిన, పైకప్పు వెనక్కి జరిగే కారు కొనుక్కుని కిరాయికి తిప్పుతున్నాను. మెట్టుగూడలో ఉండే మహమూదాను, తోడుగా వాళ్ళమ్మ ఇమాంబీని బొల్లారం తీసుకెళ్ళాలి. మహమూదాకు అక్కడ టీచర్ ట్రైనింగ్ పరీక్షలు. ఘోషా కుటుంబం కాబట్టి కిటికీలకు పరదాలు, నా సీటు వెనక మరో పరదా. నేను వెనక్కి తిరగకూడదు.

మొదటి రోజే ఇమాంబీకి కళ్ళు తిరిగాయి.

"నాతోని కాదు బిడ్డా. రేపటి సంది ఇంతిహాన్ బంద్," అంది.

ఇంకా రెండు పరీక్షలున్నాయి. తల్లి తోడు లేనిదే మహమూదా గడప దాటడానికి లేదు. పరదా వెనక ఏడుపు వినపడేసరికి నా కోపం ఎటు పోయిందో తెలియదు.

"ఖాలా, రేపొక్కసారి నా మాట వినుండ్రి. కారు పైకప్పు జెర జరుపుత."

"పైనుంచి ఎవరన్న చూస్తే?"

"పైనుంచి చూసేది అల్లా ఒక్కడే ఖాలా."

ఏడుస్తున్న గొంతే కిసుక్కుమంది.

మర్నాడు పైకప్పు జానెడు జరిపి కారు షురూ చేశాను.

"అద్దాలు రెండు పక్కల నాలుగు వేళ్ళంత దించుండ్రి. గాలికి వచ్చే తోవ, పోయే తోవ రెండూ కావాలె. దుపట్టా బయటికి పోనియ్యకుండ్రి. అద్దం ఎక్కించేటప్పుడు అమ్మీ వేళ్ళు యాడున్నయో చూసి హ్యాండిల్ తిప్పుండ్రి."

"ఇంతిహాన్ నాకా, ఈ కారుకా?" అంది మహమూదా.

నవ్వాపుకోలేకపోయాను. కాసేపటికి ఇమాంబీ హాయిగా గురక పెట్టింది. మేమిద్దరం బొల్లారం దాకా కబుర్లాడుతూనే ఉన్నాం.

ఆఖరి పరీక్ష రోజు ఉక్క ఎక్కువని పైకప్పు పూర్తిగా తెరిచాను. ఎడమపక్క రోడ్డు మీద కారు నీడ పరుగెడుతోంది. ఉన్నట్టుండి ఆ నీడ మీద ఒక తల లేచింది!

మహమూదా లేచి నిలబడ్డట్టుంది. గట్టిగా బ్రేకు వేస్తే ఆమె ముందుకు పడుతుంది. మెల్లగా వేగం తగ్గించి పక్కకు ఆపాను.

"కూసోండ్రి! కొమ్మ తగిలితే ఏమైతది?"

"వెనక్కి చూసిండ్రా?"

"నీడను చూసిన."

"రేపటి సంది మళ్ళ ఇంట్లనే కద. ఒక్కసారి మొఖానికి గాలి తగలనీ అనుకున్న. మీకెందుకంత పరేషాన్?"

"మీకేమన్న అయితే నేనెట్ల బతకాలె?"

నోరు జారింది. ఆమె గొంతు మెల్లగా వినపడింది.

"నా మొఖం సుత చూడలేదు కదా మీరు."

"మాట విన్న. చాలదా?"

ఇమాంబీ గురక ఎప్పుడు ఆగిందో మేం గమనించనే లేదు.

"వలీ, మీ అమ్మ యాడుంటది?"

"బన్సీలాల్‌పేట్‌ల, ఖాలా," అన్నాను.

"శుక్రవారం మా ఇంటికి తోలుకరా. ముందుగాల ఇంతిహాన్‌కు పోనియ్యి. అది టీచరమ్మ కాకపోతే పిల్లనియ్య!"

పైకప్పు జానెడు సందుంచి మూసి కారు కదిలించాను. గంట కొట్టకముందే మహమూదాను చేర్చాను. ఆమె పాసయింది, నేను పెళ్ళికొడుకునయ్యాను.