ఇరవై రెండు సంతకాలు

బఫెలో ఊళ్లో ఫెర్రీమెన్ జట్టు బేస్‌బాల్ ఆడుతున్న రోజులవి. ఆటగాళ్లు మనతోపాటే బస్సెక్కి మైదానానికి వచ్చేవాళ్లు. ఎండాకాలం చప్పట్లు కొట్టించుకున్న చేతులతోనే చలికాలం మన ఇళ్లకు బొగ్గు మోసేవాళ్లు. అదేమీ వింతగా ఉండేది కాదప్పట్లో.

యాభై మూడో సంవత్సరం జులైలో, ఒక మంగళవారం ఉదయం, చెప్పుల దుకాణం పైనున్న ఎమ్మెట్ క్విగ్లీ ఆఫీసు మెట్లమీద బరువైన అడుగులు వినిపించాయి. టైపిస్టు డార్లీన్ ఫోయ్ తలెత్తి చూసింది. గుమ్మంలో స్టాష్ గ్రబోవ్‌స్కీ! ఫెర్రీమెన్ క్యాచర్. పన్నెండేళ్లుగా బ్యాటరు వెనక గొంతుక్కూర్చుని బంతులు పట్టినవాడు.

క్విగ్లీ డిటెక్టివ్ కాకముందు అంపైరు. మోకాలు పాడై మైదానం వదిలాడు గానీ, చూపు మాత్రం అలాగే ఉంది. జనం ఆయన్ని తిట్టనిరోజు లేదు, ఆయన మాటను శంకించినరోజూ లేదు. ఆయన కేసు విప్పుతుంటే చూడటంకోసమే డార్లీన్ ఇంతకంటే మంచి జీతం వదులుకుంది.

"నలభై తొమ్మిదిలో నన్ను అన్యాయంగా ఔటిచ్చారు, అంపైర్ గారూ. అయినా మీదగ్గరికే వచ్చాను" అన్నాడు గ్రబోవ్‌స్కీ.

"నువ్వు ఔటే. కూర్చో. ఏం పోయింది?"

పోయింది ఒక కాగితం. దెబ్బ తగిలి ఆట మానేసినవాళ్లకు పింఛను, కొత్తవాళ్లకు బతకడానికి సరిపడే కనీస జీతం కావాలని అడుగుతూ ఇరవై రెండుమంది ఆటగాళ్లు చేసిన సంతకాలు. ఇంకా నాలుగు జట్లు కలిసొచ్చాక అందరూ ఒకేసారి బయటపెట్టాలనుకున్నారు. ఈలోగా యజమాని క్రాండల్ చేతిలో పడితే ఇరవై రెండుమందీ వీధిన పడతారు.

"బంతి పట్టే నా పాత తోలు గ్లవ్ గుంటలో మడిచిపెట్టాను, అలమరలో పై అరలో. ఆదివారం ఆట అయి వచ్చి చూస్తే గ్లవ్ ఉంది, కాగితం లేదు. ఇద్దరు పిల్లలండీ నాకు. ముప్పై ఆరేళ్లొచ్చాయి. వేరే పని రాదు."

"జీతం నచ్చకపోతే వేరే జట్టుకి వెళ్లొచ్చుగా?" డార్లీన్ ఉండబట్టలేక అడిగింది.

"సంతకం పెట్టిన రోజునుంచి మేం ఆయన సొత్తు, అమ్మాయ్. ఆయన మమ్మల్ని అమ్ముకోవచ్చు. మేం మాత్రం కదలకూడదు."

మధ్యాహ్నం ముగ్గురూ మైదానానికి వెళ్లారు. ఆదివారం ఆట సాగినంతసేపూ జట్టు గదిలోకి వెళ్లినవాళ్లు ముగ్గురేనని గేటు కాపలావాడు చెప్పాడు. యజమాని గుమాస్తా ప్రూయిట్, బంతి విసరడంలో పేరుమోసిన పిచ్చర్ జీన్ టాలివర్, బట్టలుతికి బూట్లు తుడిచే ముసలి ఓటిస్ బ్రిగ్స్. ఆ బ్రిగ్స్‌ను జట్టంతా 'తాతా' అనే పిలుస్తుంది.

క్విగ్లీ అలమరలోంచి గ్లవ్ తీశాడు. తోలు మెత్తగా ఉంది. గుంటలో ఒక బంతి, దానిమీదుగా రెండు చుట్లు తిప్పి బిగించి ముడేసిన గుడ్డపీలిక. గ్రబోవ్‌స్కీకి చూపించకుండానే ఆయన దాన్ని మళ్లీ అరలో పెట్టేశాడు.

ప్రూయిట్‌ని పిలిచి, అలమరలో ఒక వస్తువు పోయిందని మాత్రం చెప్పాడు.

"జీతం కవర్లు బల్లమీద పెట్టి వచ్చేశాను. ఆ చెమట కంపులో ఎవడుంటాడు సార్? వాళ్ల తొడుగుల్లో చేతిదేదో కాలిదేదో నాకిప్పటికీ తెలీదు."

టాలివర్ కుడిచేయి కట్టుతో మెడకు వేలాడుతోంది. మోచెయ్యి దెబ్బతిని వారమైంది.

"ఆదివారం ఆట అవగానే నువ్వు క్రాండల్ గదికి వెళ్లావట?"

"వెళ్లాను. ఎందుకన్నది నా సొంత విషయం."

"ఆ కాగితంమీద నీ సంతకం లేదు."

"అదీ నా సొంత విషయమే" అని ముఖం తిప్పుకున్నాడు టాలివర్. గ్రబోవ్‌స్కీ పళ్లు నూరాడు.

తాత మాత్రం సాక్సులు ఆరేస్తూనే జవాబిచ్చాడు. "నేనేం చూళ్లేదు బాబూ. నాకు ఉతుకుడుతోనే సరిపోతుంది."

గురువారం ఉదయం క్విగ్లీ అందర్నీ జట్టు గదిలో సమావేశపరిచాడు. "ప్రూయిట్ గారూ, మీమీద అనుమానం లేదు. మీరు వెళ్లొచ్చు" అని అతన్ని సాగనంపి, తలుపు వేశాడు.

"ఆయన తీసుంటే కాగితం లాక్కుని గ్లవ్ విసిరేసేవాడు. ఇక మిగతాది యజమాని చెవిన పడకూడదు." క్విగ్లీ గ్లవ్ పైకెత్తాడు. "గ్రబోవ్‌స్కీ, ఇందులో బంతి పెట్టి కట్టింది నువ్వేనా?"

గ్రబోవ్‌స్కీ తెల్లబోయాడు. "కాదు. కాగితం పట్టాలని బంతి నేనే తీసేశాను. ఆదివారం కాగితం లేదన్న కంగారులో ఈ బంతి సంగతే పట్టలేదు."

"అంటే దొంగే కట్టాడు. కాగితం తీశాక, ఖాళీ గుంటలో బంతిపెట్టి, తోలుకి నూనె రాసి, ఆకారం చెడకుండా బిగించాడు. టాలివర్‌కు ఒంటిచేత్తో ఈ ముడి పడదు. పట్టుబడతానన్న భయంలో కూడా ఎండిన గ్లవ్ చూస్తే ఊరుకోలేని చేతులు ఈ గదిలో ఎవరివి?"

తాత మెల్లగా చొక్కా గుండీ విప్పి, చెమటకు తడిసిన కాగితం బల్లమీద పెట్టాడు.

"నువ్వా తాతా!" గ్రబోవ్‌స్కీ లేచి నిలబడ్డాడు.

"క్రాండల్ చేతికి అందలేదు. అందుంటే ఈపాటికి సగంమంది అమ్ముడైపోయేవాళ్లు" అన్నాడు క్విగ్లీ.

"ఇద్దామనే తీశాను రా. అబద్ధం చెప్పను" అన్నాడు తాత. "ఏదో కాగితం తిరుగుతోందని క్రాండల్ వాసన పట్టాడు. తెస్తే చచ్చేదాకా ఉద్యోగం ఉంచుతానన్నాడు. డెబ్బై ఏళ్లొచ్చాయి, ఎక్కడికి పోను? ఆయన గది మెట్లదాకా వెళ్లి పేర్లు చదివాను. పద్నాలుగో సంవత్సరంలో మేమూ ఇలాంటిదే రాశాం. పంతొమ్మిదిమంది. అప్పుడు నేను ఆటగాణ్ని, ఈ ఊరికి మొనగాణ్ని. ఆ చలికాలంనుంచి ఏ జట్టూ నన్ను ఆటగాడిగా గుమ్మం తొక్కనివ్వలేదు. మెట్లు ఎక్కలేకపోయాను. మీకు తిరిగిచ్చే ముఖమూ లేకపోయింది."

టాలివర్ లేచాడు. "నేను వెళ్లింది మోచేతి ఆపరేషన్ ఖర్చు అడగడానికి. వచ్చే ఏడు జీతంలో పావువంతు కోస్తానన్నాడు. చెయ్యి అరిగింది ఎవరికోసం? ఇంతకాలం నాకేం లోటులే అనుకున్నాను. చెప్పుకోడానికి సిగ్గేసింది." ఎడమచేత్తో పెన్ను పట్టుకుని, వంకరటింకరగా సంతకం పెట్టాడు.

అంతటితో కేసు ముగిసింది. కథ మాత్రం శనివారందాకా నడిచింది. కాగితం తేలేనని తాత స్వయంగా మెట్లెక్కి యజమానికి చెప్పేశాడు. ఆ క్షణమే ఉద్యోగం ఊడింది.

శనివారం మైదానం కిటకిటలాడింది. ఆట వేళ దాటినా ఒక్క ఆటగాడూ బయటికి రాలేదు. క్రాండల్ చుట్ట కొరుక్కుంటూ గదిలోకి ఊడిపడ్డాడు. క్విగ్లీ, డార్లీన్ గుమ్మంలోనే ఉన్నారు.

"పిల్లలాట ఆడుకోడానికి డబ్బిస్తున్నాను మీకు! బడిపంతులుకంటే ఎక్కువిస్తున్నాను!"

"పంతులుకి నచ్చకపోతే ఇంకో బడికి పోతాడు సార్" అన్నాడు గ్రబోవ్‌స్కీ, కూర్చున్నచోటునుంచి లేవకుండానే. "బయట జనం టికెట్లు కొన్నారు. పిల్లలాటేగా, మీరే వెళ్లి ఆడండి."

"ఎంత కావాలి?"

"ఇవాళ మాకేం వద్దు. తాత రావాలి."

నలభై నిమిషాలు గడిచాయి. బయట జనం కాళ్లతో నేల దంచుతున్నారు. చివరికి క్రాండల్ ప్రూయిట్‌కి కారు తాళాలు విసిరేశాడు.

ఆ చలికాలం తొమ్మిదిమందిని అమ్మేశారు. గ్రబోవ్‌స్కీని తీసేశారు, అతను ఫర్నిచర్ దుకాణంలో చేరాడు. పింఛను రావడానికి చాలా ఏళ్లు పట్టింది. "అదంతా దేనికి, మాకేం మిగిలింది" అని అతను ఒక్కనాడూ అనలేదు. డార్లీన్ తన పెళ్లికి బల్ల కొనుక్కోడానికి వెళ్లినప్పుడు కూడా ఆ శనివారం గురించే మాట్లాడుకున్నారు.

ఆరోజు తాత గుమ్మంలోకి వచ్చి, నేలమీద గుట్టపడిన మాసిన బట్టలకేసి చూసి నడుముమీద చెయ్యేసుకున్నాడట. కళ్లు తుడుచుకుంటూనే గసిరాడట.

"రెండురోజులు లేకపోతే కొంప పశువుల కొట్టం చేశారు కదరా! లేవండి, జనం చూస్తున్నారు!"