పసుపు పూసిన బండి

ఎనభై రెండులో మాట. పొద్దున్నే పాకాల నుంచి పాతబండ్ల బేరగాడు రాజారత్నం ఒక మోటారుసైకిలు తెచ్చి ధనంజయ ఇంటి ముందు నిలబెట్టాడు. ఎక్కి రాలేదు, తోసుకుంటూ వచ్చాడు. ముందుచక్రం పక్కకు వంగిపోయింది. ట్యాంకు సొట్టపడింది. దీపం లేదు. హ్యాండిలు కింద మెడకు మాత్రం ముద్దగా పసుపు పూసి, పైన అరచేయంత కుంకుమ పెట్టి ఉంది.

"నిన్ననే పూజ చేయించినానబ్బా. ఆవును తోలిస్తే బండి నీదే," అన్నాడు.

ఆ ఆవు ధనంజయ భార్య పంకజాక్షిది. తల్లి చచ్చిన దూడను తెచ్చి, సీసాతో పాలు పట్టి పెంచింది. ఇప్పుడు ఇల్లు దాని పాల మీదే నడుస్తోంది. ధనంజయకేమో ఊరి పాలన్నీ క్యాన్లలో పోసుకుని చిత్తూరుకు పరిగెత్తాలని ఆశ.

"ఆవునిచ్చి పాలబండి కొంటావా? క్యాన్లో ఏం పోస్తావు, బాయినీళ్లా?" అంది పంకజాక్షి.

"ఊర్లో నీదొక్కటేనా ఆవు? చక్రం సక్కంగా చేపిస్తే గుర్రమే ఇది!"

"మెడకాడ అంత పసుపెందుకు? తుడిచి సూస్తా."

అత్త సుబ్బులమ్మ అడ్డుపడింది. "పూజ బొట్టు మే అది. తుడిస్తే ఇంటికి అరిష్టం."

రాజారత్నం చెంపలు వేసుకున్నాడు. మనిషిని నమ్మనివాళ్ళు కూడా పసుపును నమ్ముతారని వాడికి బాగా తెలుసు.

పంకజాక్షి వినలేదు. తడిగుడ్డ తెచ్చి బండి మీదికి వంగింది.

ధనంజయ ఆమె చెంప మీద కొట్టాడు. ఆమె బండి మీద పడింది. పెదవి చీలి రక్తం కారింది. పైకి లేవబోతుంటే నడుము మీద తన్నాడు.

"బొట్టు చెరపతావా మే? నేను బాగుపడేది సూడలేవా?"

వీధి వీధంతా బయటికొచ్చింది. ఒక్కరూ అడ్డం రాలేదు.

సుబ్బులమ్మ కోడలి నోటి రక్తం చూసింది. ఒక్క ఉదుటున వచ్చి కొడుకును పక్కకు నెట్టింది.

"మీ నాయన పోయినప్పుడు ఈ మొగాన బొట్టు చెరిపినారే, అరిష్టమని ఎవుడన్నా అడ్డమొచ్చినాడా? ఇనుముకు పెట్టిన బొట్టు కోసరం ఆడదాన్ని సంపుతావా?"

కొంగుతో తానే తుడిచేసింది. పసుపు పోయింది. దాని కింద సబ్బు మెత్తి ఉంది. గోరుతో గీకితే సబ్బు ఊడింది. మెడ సగం దాకా చీలి ఉంది. క్యాన్లతో రోడ్డెక్కి ఉంటే విరిగి, ధనంజయ ఏ లారీ కిందనో పడేవాడు.

ధనంజయ రాజారత్నం గొంతు పట్టాడు. తలను ట్యాంకుకేసి రెండుసార్లు బాదాడు. బండి సంచిలోని స్పానరు లాగి ఎత్తాడు. పంకజాక్షి ఆ చెయ్యి పట్టుకుంది.

"వదలు మే! నన్ను సంపబోయినాడు!"

"ఆయప్ప సంపబోయినాడు. నువ్వు కొట్టేసినావు. ముందు నీ సంగతి తేల్చు."

స్పానరు జారిపోయింది. రాజారత్నం నెత్తురు తుడుచుకుంటూ బండిని ఈడ్చుకుని పోయాడు.

ధనంజయ ఆమె దగ్గరికి వంగి గొణిగాడు. "తప్పయిపోయింది పంకజా."

"కొట్టింది వీధిలో. తప్పొప్పుకునేది నా చెవిలోనా?"

అతను వీధి వైపు తిరిగాడు. పెళ్ళాన్ని కొట్టిన మగవాడు ఆ వీధిలో ఇంటికొకడున్నాడు. తప్పని చెప్పినవాడు ఒక్కడూ లేడు.

"నా పెండ్లాన్ని కొట్టినాను. తప్పు నాది." మాట పక్కింటి దాకా కూడా పోలేదు.

"గట్టిగా సెప్పరా," అంది సుబ్బులమ్మ. "కొస ఇంటి చిన్నబ్బకు సెవుడు."

పంకజాక్షికి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. చీలిన పెదవి మండింది.

ధనంజయ ఏడుస్తూ మళ్ళీ అరిచాడు. ఈసారి కొస ఇంటి తలుపు తెరుచుకుంది.